మార్కులు వేస్తున్నది విస్కీకా, సీసాకా?

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. హనుమకొండలో ఉంటాను. మేం నలుగురు స్నేహితులం నెలకొక శనివారం కలుసుకొని, తలా ఒక రకం విస్కీ తెచ్చుకొని, కొద్దికొద్దిగా రుచి చూసి, వందకు ఇన్నని మార్కులు వేసి నోటుబుక్కులో రాసుకుంటున్నాం. మొన్న నేను సరదాకి ఒక ఖరీదైన స్కాచ్ సీసాలో మన వైన్‌షాపులో దొరికే మామూలు విస్కీ పోసి పెట్టాను. ముగ్గురిలో ఒక్కరు కూడా 85కు తక్కువ వేయలేదు. నిజం చెప్పాక ఒకాయన అలిగి వెళ్లిపోయాడు. ఇంకొకాయన ‘ఇదంతా బోగస్, లోపల సరుకు అంతా ఒకటే’ అంటున్నాడు. విస్కీ గురించి రాసేవాళ్లు ఒక్క గుక్కలో ఇరవై వాసనలు చెబుతుంటారు. నాకు స్పిరిటు, చెక్క తప్ప ఏమీ తెలియడం లేదు. నా నాలుకలో లోపం ఉందా? నీళ్లు కలిపి చూడాలా, కలపకుండానా? మా మార్కులకు ఏమైనా విలువ ఉందా? — ఒక పాఠకుడు

సమాధానం: మీ తుంటరి పని స్నేహితులకు కోపం తెప్పించి ఉండవచ్చు కానీ, మీరు ఇంతవరకు నోటుబుక్కులో రాసుకున్న మార్కులన్నిటికన్నా అదే ఎక్కువ విషయం చెప్పింది. అయితే దాని నుంచి మీ మిత్రుడు తీసిన తీర్మానం సరైనది కాదు. సీసా మార్చినప్పుడు ముగ్గురూ బోల్తా పడ్డారంటే, ఆ రోజు వాళ్లు మార్కులు వేసింది సీసాకని తేలింది. ఆ రెండు విస్కీలకూ తేడా లేదని మాత్రం తేలలేదు. ఎందుకంటే రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పకుండా, ‘తేడా తెలుస్తోందా?’ అని మీరు ఎవరినీ అడగలేదు. ఆ ప్రశ్న ఎలా అడగాలో కింద వివరంగా రాస్తాను. దానికన్నా ముందు మీ నాలుక సంగతి చూద్దాం.

నాలుకకు తెలిసేవి చాలా తక్కువ. తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి నాలుగైదు రుచులూ, వాటికి తోడు ఆల్కహాల్ పెట్టే మంట, ఓక్ చెక్క నుంచి వచ్చే వగరూ నోటికి తెలుస్తాయి. మిగిలినదంతా ముక్కు పనే. కాబట్టి మీకు స్పిరిటు, చెక్క మాత్రమే తెలుస్తున్నాయంటే లోపం మీలో ఉన్నదనుకోవడానికి ముందు, ముక్కుకు మీరు ఎంత అవకాశం ఇస్తున్నారో చూసుకోవాలి. వెడల్పాటి మూతి ఉన్న గ్లాసులో ఐసు వేసి, పల్లీల మసాలా నములుతూ తాగితే ఎంతటి నిపుణుడికైనా అంతకన్నా ఎక్కువ తెలియదు. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉండే గ్లాసు తీసుకోండి. స్కాట్లాండ్‌లో 2001 నుంచి తయారవుతున్న గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఇందుకోసమే పుట్టింది కానీ, దానికోసం వెతుక్కోనక్కరలేదు, చిన్న వైన్ గ్లాసు సరిపోతుంది. పదిహేను మిల్లీలీటర్లకు మించి పోయవద్దు. పోసిన తరువాత రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచండి. వైన్ తాగేవాళ్లలా గ్లాసును గిరగిరా తిప్పితే పైకి లేచేది ముందుగా ఆల్కహాల్ ఆవిరే, అది ముక్కును మొద్దుబారుస్తుంది. గ్లాసును గడ్డం దగ్గర పట్టుకొని, నోరు కొంచెం తెరిచి, మెల్లగా పైకి తెస్తూ వాసన చూడండి. ఘాటు తగిలిన చోట ఆగి ఒక అంగుళం వెనక్కి రండి. విస్కీ వాసన చూడడానికి సరైన చోటు అదే.

మొదటి గుక్కతో ఏ తీర్పూ చెప్పకూడదు. అది నోటిని మంటకు అలవాటు చేయడానికే. రెండో గుక్క అర చెంచాడు తీసుకొని, నాలుకంతా తడిసేలా కాసేపు ఉంచుకొని, మింగిన తరువాత నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలండి. గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే ఆ వాసనలో, గ్లాసు పైన దొరకనివి కొన్ని దొరుకుతాయి. ఆ తరువాత నోట్లో ఆ రుచి ఎంతసేపు నిలిచిందో, నిలిచినది తీపిగా ఉందో వగరుగా మారిందో గమనించండి. రెండు విస్కీల మధ్య తేడా మొదటి క్షణంలో కన్నా ఈ చివరి దశలోనే తేలిగ్గా దొరుకుతుందని నా అభిప్రాయం.

నీళ్ల విషయంలో మొహమాటపడకండి. ‘రా’ కొట్టడం మగతనమనుకునే వాళ్ల మాట అలా ఉంచితే, విస్కీ కంపెనీల్లో రకరకాల పీపాల సరుకును పరీక్షించి కలిపే మాస్టర్ బ్లెండర్లు నమూనాను నీళ్లతో సుమారు 20 శాతం ఆల్కహాల్‌కు తగ్గించి, చాలావరకు వాసన చూసే పని ముగిస్తారు. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2017లో దీనికి ఒక కారణం చూపించారు. పొగ వాసనకు మూలమైన పదార్థాల్లో గ్వాయకాల్ అన్నది ముఖ్యమైనది. ఆల్కహాల్ 45 శాతం దాకా ఉన్నప్పుడు ఈ గ్వాయకాల్ అణువులు ద్రవం ఉపరితలం దగ్గర చేరుతాయనీ, 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువులు వాటిని చుట్టుముట్టి లోపలే ఉంచేస్తాయనీ వాళ్ల కంప్యూటర్ లెక్కల్లో తేలింది. కాబట్టి పీపాలో ఉన్న గాఢతతోనే సీసాకెక్కే ‘కాస్క్ స్ట్రెంత్’ రకాలకు నీళ్లు తప్పనిసరి. 40, 42.8 శాతం రకాలకు మొదట ఏమీ కలపకుండా చూసి, తరువాత అర చెంచాడు నీళ్లు వేసి మళ్లీ చూడండి. నలుగురి గ్లాసుల్లోనూ ఒకే కొలత పడాలి, ఒకే నీళ్లు వాడాలి. ఫిల్టర్ నీళ్లు చాలు. బోరు నీళ్ల ఉప్పదనం మాత్రం ఈ పనికి పనికిరాదు.

ఇక్కడ మన ఎండల గురించి ఒక మాట చెప్పాలి. విస్కీని గది వేడిమిలోనే తాగాలని రాసేవాళ్లు చెప్పే గది ఎడింబరోలో ఉన్నది. మే నెలలో వరంగల్ గదిలో 38 డిగ్రీల వేడిలో పోస్తే ఆల్కహాల్ విపరీతంగా ఆవిరై, ముక్కుకు ఘాటు తప్ప మరేమీ అందదు. ఏసీ గదిలో 20-22 డిగ్రీల దగ్గర కూర్చోండి, లేదా సీసాను కాసేపు చల్లనీళ్లలో నిలబెట్టండి. ఐసు వద్దు. ఐసు వేసుకొని తాగడం తప్పేమీ కాదు కానీ, చల్లదనం వాసనలను అణచివేస్తుంది కనుక పోల్చి చూసేటప్పుడు దానికి చోటు లేదు. మంచింగ్ కూడా మార్కులు పూర్తయ్యాకే. మిరపకాయ బజ్జీ తిన్న నోటికి తరువాతి అరగంటలో ఏ విస్కీ అయినా మంటలాగే తోస్తుంది. గదిలో అగరొత్తులు, ఒంటి మీద సెంటు, నోట్లో జర్దా కిళ్లీ ఉండకూడదు.

ఇరవై వాసనలు చెప్పేవాళ్లను చూసి బెంగపడకండి. వాళ్లు చెప్పేదాంట్లో కొంత కవిత్వం ఉంటుంది, కొంత రసాయనశాస్త్రం ఉంటుంది. ఆ రెండో భాగం మీ వంటింట్లోనే ఉంది. ఓక్ చెక్కలో ఉండే ఒక రకం లాక్టోన్ వాసన అచ్చం కొబ్బరిదే, దానికి ‘విస్కీ లాక్టోన్’ అని పేరు కూడా పెట్టారు. లవంగానికి ఘాటునిచ్చే యూజెనాల్, వెనీలాకు వాసననిచ్చే వెనిలిన్ ఓక్‌లోనూ ఉన్నాయి. మగ్గిన అరటిపండులో గుప్పుమనే ఐసోఅమైల్ ఎసిటేట్ పులియబెట్టే దశలో ఈస్టు వల్ల పుడుతుంది. బర్బన్ అనే అమెరికా విస్కీని చట్టప్రకారం లోపలి గోడ మాడ్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ చేయాలి కనుక దాంట్లో కొబ్బరి, వెనీలా, లవంగం దండిగా దొరుకుతాయి. ఆ వాడిన పీపాలను స్కాట్లాండ్ వాళ్లు కొనుక్కొని తమ విస్కీ పోసుకుంటారు కాబట్టి అక్కడ అవే వాసనలు పలచగా వస్తాయి. షెర్రీ అనే స్పెయిన్ వైన్ నింపిన పీపాల్లో పెరిగిన విస్కీలో కిస్‌మిస్, ఖర్జూరం, కొన్నిసార్లు పాత బెల్లం తోస్తాయి.

అందుచేత ఈసారి ఒక పళ్లెంలో ఎండు కొబ్బరి ముక్క, నలిపిన రెండు లవంగాలు, మచ్చలు పడ్డ అరటిపండు, నాలుగు కిస్‌మిస్‌లు, తాటిబెల్లం పెట్టుకొని కూర్చోండి. గ్లాసులో బర్బన్ పోసి, ఒకసారి లవంగం, ఒకసారి గ్లాసు వాసన చూస్తూ మార్చి మార్చి ప్రయత్నించండి. మొదట రెండూ వేర్వేరుగా ఉంటాయి. కాసేపటికి గ్లాసులోని తీపి వాసన అడుగున పంటి డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు వచ్చే ఒక సన్నని ఘాటు విడిగా తెలుస్తుంది. లవంగం అంటే అదే. ఒకసారి విడిగా పట్టుకున్న వాసనను ముక్కు తరువాత తనంతట తానే గుర్తుపడుతుంది. రాసుకునేటప్పుడు మీరు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వాసన చూడని స్కాట్లాండ్ కొండపూల పేర్లు రాయకండి. సాంబ్రాణి, మామిడి తాండ్ర, కాగిన నెయ్యి, పనసతొన, తడిసిన గోనెసంచి, ఆసుపత్రి వరండా అని రాసుకుంటే ఆరు నెలల తరువాత చదివినా మీకు ఆ విస్కీ గుర్తుకు వస్తుంది. స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపపు విస్కీ లఫ్రోయగ్‌ను చాలామంది ఆసుపత్రితో పోల్చడానికి కారణం, అక్కడ మొలకెత్తిన బార్లీని పీట్ అనే బొగ్గు కాని బొగ్గు, మట్టి కాని మట్టి పొగతో ఆరబెట్టడమే. ఆ పొగలోని ఫినాల్ జాతి పదార్థాలు నిజంగానే పాతకాలపు క్రిమిసంహారిణులకు చుట్టాలు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ముందుగా మీ అలిగిన మిత్రుడికి ఒక విషయం చెప్పండి. 2008లో కాలిఫోర్నియాలో కొందరికి ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదనీ, మరోసారి 90 డాలర్లదనీ చెప్పి ఇచ్చి, వాళ్ల మెదడును స్కానర్‌లో పరిశీలించారు. 90 డాలర్లదన్నప్పుడు ఎక్కువ నచ్చిందని వాళ్లు నోటితో చెప్పడమే గాక, సుఖానుభూతికి సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం కూడా పెరిగింది. అంటే ఆ రోజు మీ ఇంట్లో 85కు తగ్గకుండా వేసినవాళ్లు గొప్పలకు పోలేదు, వాళ్లకు ఆ విస్కీ నిజంగానే అంత బాగుంది. రంగు కూడా ఇంతే మోసం చేస్తుంది. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారని 2001లో ప్రచురితమైన పరిశోధన చెబుతోంది. స్కాచ్‌లో రంగు కోసం క్యారమెల్ కలపడానికి చట్టం అనుమతిస్తుంది, కనుక ముదురు రంగును చూసి ముదురు వయసు అనుకోవడం అక్కడే బెడిసికొడుతుంది. అందువల్ల సీసానే గాక రంగునూ దాచాలి. గ్లాసులకు చుట్టూ అల్యూమినియం రేకు చుట్టేస్తే పని జరిగిపోతుంది.

తేడా తెలుస్తోందో లేదో తేల్చే పద్ధతి ఇది. రెండు విస్కీలు ఎంచుకోండి. ఒక్కొక్కరి ముందు మూడు గ్లాసులు ఉంటాయి. రెంటిలో ఒకే విస్కీ, మూడోదాంట్లో వేరేది. వేరే గ్లాసు ఏదో చెప్పాలి, అంతే. ఏది మంచిదని అడగవద్దు, పేరు చెప్పమని అడగవద్దు. పోసేవాడు ఆ రోజు రుచి చూడడు, పోశాక గదిలో నిలబడడు, ఎందుకంటే ముఖం చూసి జవాబు పట్టేసేవాళ్లు ఉంటారు. రెండు విస్కీలను మూడు గ్లాసుల్లో అమర్చే పద్ధతులు సరిగ్గా ఆరే ఉన్నాయి కనుక, వాటిని కాగితం మీద రాసుకొని ప్రతి రౌండుకూ ఒక పాచిక వేసి, పడిన అంకె ప్రకారం పోయండి. లేకపోతే మనిషి చేయి తెలియకుండానే వేరేదాన్ని మధ్యలో పెట్టడానికి మొగ్గుతుంది. ఇలా ఆరు రౌండ్లు చేయాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది కాబట్టి, ఆరింటిలో రెండు మూడు సరిగ్గా చెప్పినంత మాత్రాన ఏమీ రుజువు కాదు. నాలుగో అంతకు మించో సరిపోవడం కూడా నూటికి పదిమందికి అదృష్టం కొద్దీ జరుగుతుంది. ఐదు గానీ ఆరు గానీ సరిపోవడం మాత్రం, ఏమీ తెలియనివాడికి నూటికి రెండుసార్లు కూడా జరగదు. కాబట్టి ఐదును గీతగా పెట్టుకోండి. గ్లాసుకు ఐదు మిల్లీలీటర్లు చాలు. మూడు రౌండ్లు ఒక శనివారం, మూడు ఇంకో శనివారం చేయండి. ఒకే రోజు పద్దెనిమిది గ్లాసులు పెట్టుకుంటే చివరి రౌండ్లలో ముక్కు అలసిపోతుంది, మనిషి మత్తెక్కుతాడు, ఫలితం చెడుతుంది.

మీరు సీసా మార్చినప్పుడు వాడిన ఆ రెండు విస్కీలతోనే మొదలుపెట్టండి. నా అంచనా ప్రకారం మీ ‘అంతా ఒకటే’ మిత్రుడే తేలిగ్గా తేడా పట్టేస్తాడు. ఎందుకంటే ఆ రెండూ తయారయ్యే తీరులోనే చాలా దూరం ఉంది. స్కాచ్ అన్నది ధాన్యంతో తయారై, స్కాట్లాండ్‌లోనే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉండాలి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే మామూలు రకాల్లో ఎక్కువ భాగం, చక్కెర మిల్లు మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన, వాసన లేకుండా శుద్ధి చేసిన స్పిరిటుకు, మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ విస్కీని కొంత చేర్చి చేసినవి. మొలాసిస్‌తో చేసినదాన్ని ఐరోపా యూనియన్ దేశాల్లో విస్కీ అన్న పేరుతో అమ్మనివ్వరు. అలాగని వాటిని చులకన చేయనక్కరలేదు. సోడా పోసుకొని, చేపల వేపుడు పక్కన పెట్టుకొని తాగడానికి చేసిన విస్కీని చిన్న గ్లాసులో ఒంటరిగా నిలబెట్టి సింగిల్ మాల్ట్‌తో, అంటే ఒకే డిస్టిలరీలో తయారైన మాల్ట్ విస్కీతో, పోల్చడం న్యాయం కాదు. దాన్ని సోడాలోనే, దాని జాతి విస్కీల పక్కనే పరీక్షించండి. ఒక శనివారం అన్నీ సోడా రకాలే పెట్టుకుంటే సరదా ఏమీ తగ్గదు.

సీసా మీది వయసును కూడా జాగ్రత్తగా చదవాలి. స్కాచ్ మీద 12 అని ఉంటే, లోపల కలిసిన విస్కీల్లో అతి చిన్నదాని వయసు పన్నెండేళ్లు. అదే కొలతతో మన సింగిల్ మాల్ట్‌లను కొలిస్తే తప్పుదారి పడతాం. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరు వేడికి పది శాతానికి పైగా పోతుంది, చెక్కతో విస్కీ కలిసిపోయే వేగమూ అలాగే పెరుగుతుంది. అందుకే 2004లో గ్లాస్గోలో మొదట అమ్మకానికి పెట్టిన బెంగళూరు అమృత్ గానీ, గోవా పాల్ జాన్ గానీ ఎక్కువగా వయసు అంకె లేకుండానే వస్తాయి. నాలుగైదేళ్లకే వాటిలో మామిడి పండు, ఎండు ఫలాలు, ఘాటైన ఓక్ కనబడతాయి. పన్నెండేళ్ల స్కాచ్‌లోని పలచని సున్నితత్వం వాటిలో వెతికితే దొరకదు. ఏది గొప్పదన్న వాదనకు మీ నలుగురిలో ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ ఉండిపోతే అది మంచి ఫలితమే.

మార్కుల విషయంలో వందకు వేయడం మానేయండి. 86కూ 88కీ తేడా ఏమిటని ఆ వేసినవాడినే నిద్రలేపి అడిగితే చెప్పలేడు. ఒక సాయంత్రం నాలుగు గ్లాసులకు మించకుండా పెట్టుకొని, పేర్లు తెలియకుండా మొదటి స్థానం నుంచి నాలుగో స్థానం దాకా వరుస రాయండి. పక్కన ‘ఇంత డబ్బు పెట్టి మళ్లీ కొంటానా’ అన్నదానికి అవును, కాదు అని, అది కూడా ధర తెలిశాక రాయండి. పొగ వాసన ఉన్నది ఎప్పుడూ చివర్లోనే, ఎందుకంటే దాని తరువాత వచ్చేదంతా పొగలాగే ఉంటుంది. ఎవరి వరుస వారిదే, నలుగురివీ కలిపి సగటు తీయకండి. పొగ అంటే ప్రాణమిచ్చేవాడి మొదటి స్థానం, పొగ అంటే పడనివాడి చివరి స్థానం కలిపితే, ఇద్దరిలో ఎవరి అభిప్రాయమూ కాని ఒక మధ్యస్థపు విస్కీ తయారవుతుంది. అప్పుడప్పుడు పాత శనివారం విస్కీలనే చెప్పకుండా మళ్లీ పెట్టండి. అదే మనిషి అదే వరుస రాస్తే అతని మాటను నమ్మవచ్చు. తలకిందులైతే ఆ నాలుగూ అతనికి సమానమన్న మాట, అది తెలియడమూ లాభమే, చవకైనది కొనుక్కుంటాడు. మూడొంతులు ఖాళీ అయి ఏడాదిగా అలమారలో ఉన్న సీసాను మాత్రం కొత్తగా తెరిచినదానితో పోల్చకండి. లోపలి గాలికి దాని వాసనలు ఈపాటికి సడలిపోయి ఉంటాయి. మిగిలినదాన్ని ముందే చిన్న సీసాలోకి మూతి దాకా పోసి పెట్టుకుంటే కొంతకాలం నిలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లలో దాదాపు పది గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కొద్దికొద్దిగా తాగామన్న భ్రమలో లెక్క తప్పుతుంది. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. వృత్తిలో ఉన్నవాళ్లు రుచి చూసి ఉమ్మేస్తారు, మీరూ ఒక స్టీలు చెంబు పెట్టుకోండి. మాత్రలు వేసుకునేవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. ఇంటికి ఎవరూ బండి నడపకూడదు, మన చట్టంలో పరిమితి వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే.

రాబోయే శనివారం పోసే పని మీరే తీసుకోండి. అలిగిన మిత్రుణ్ని పిలిచి, రేకు చుట్టిన మూడు గ్లాసులూ ముందుగా ఆయన ముందే పెట్టండి. ఆయనకు ఆరింటికి ఐదు వస్తే, నోటుబుక్కులో మార్కుల కాలమ్ కొట్టేసి కొత్త పేజీలో మొదటి వరుస ఆయన చేతే రాయించండి.